మందుబిళ్ళ వచ్చిన దారి: అమీర్‌పేట, పంజాగుట్ట, చైనా

అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో మన పిల్లలు ఎందరో దిగుతుంటారు. ఉట్నూరు నుంచి, ఏటూరునాగారం నుంచి, భద్రాచలం నుంచి, పాడేరు నుంచి వచ్చి, మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్ళలో ఉంటూ కంప్యూటర్ కోర్సులో, పోటీ పరీక్షల కోచింగో తీసుకుంటారు. అక్కడి నుంచి ఒక్క స్టేషన్ దూరంలో పంజాగుట్ట. అక్కడ నిమ్స్ ఆసుపత్రి ఉంది. ఊళ్ళో నయం కాని జబ్బులతో మన గూడేల నుంచి, తండాల నుంచి వచ్చినవాళ్ళు ఆ ఆవరణలో చీటీలు పట్టుకుని తిరుగుతూ కనిపిస్తారు. మన చదువుకూ మన రోగానికీ హైదరాబాదులో ఒక్క స్టేషన్ దూరం.

ఈ రెండు చోట్లనూ కలిపే చరిత్ర ఒకటి ఉంది. అది మందుబిళ్ళ చరిత్ర. దాన్ని చదివితే, మన కళ్ళముందే ఎదిగి ప్రపంచానికి ఫ్యాక్టరీ అయిన చైనా, మన గూడెంలోని మందుల పెట్టె దాకా ఎలా వచ్చిందో తెలుస్తుంది.

ఒక మందుల అట్ట తీసి వెనక్కి తిప్పి చూడండి. కంపెనీ పేరు, తయారైన ఊరు, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. దేశంలో పేరున్న మందుల కంపెనీలకు చాలా ఏళ్ళు అమీర్‌పేటే చిరునామా. 1984లో మొదలైన డాక్టర్ రెడ్డీస్ ఆఫీసు చాలాకాలం అమీర్‌పేటలో ఉంది. 1986లో పుట్టిన అరబిందో ఫార్మా చిరునామా అమీర్‌పేటలోని మైత్రీవిహార్. మన పిల్లలు కోచింగుకు నడిచే వీధులకు దగ్గరలోనే ప్రపంచానికి మందులు అమ్మే లెక్కలు జరిగేవి. అయితే ఆ అట్ట మీద ఒక సంగతి ఉండదు. బిళ్ళ ఎక్కడ తయారైందో ఉంటుంది గానీ, అందులోని ముడిమందు ఎక్కడి నుంచి వచ్చిందో ఉండదు.

బేగంపేట దోమ, ఆండీస్ బెరడు

ముందు కొంచెం వెనక్కి వెళదాం. అమీర్‌పేట పక్కనే ఉన్న బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. దోమకాటుకు ఒప్పుకున్న రోగికి కాటుకు ఒక అణా చొప్పున ఇచ్చి, ఆ దోమలను కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది.

మలేరియా మనకు పుస్తకంలో చదివిన జబ్బు కాదు. 1879లో రంప తిరుగుబాటును అణచడానికి వచ్చిన బ్రిటిష్ సేనలను మన్యం జ్వరం పడగొట్టింది. అదే జ్వరం మన పిల్లలనూ తీసుకుపోయింది. ఆ రోజుల్లో దానికి ఉన్న మందు క్వినైన్. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో దొరికే సింకోనా చెట్టు బెరడు నుంచి అది వస్తుంది. ఆ చెట్టు పెరిగింది అక్కడి ఆదివాసుల కొండల్లో. 1860 ప్రాంతంలో బ్రిటిష్‌వాళ్ళు దాని విత్తనాలను, మొక్కలను పట్టుకొచ్చి నీలగిరుల్లో నాటారు. డచ్చివాళ్ళు జావా దీవిలో నాటారు. బ్రిటిష్ ప్రభుత్వం క్వినైన్‌ను పొట్లాలు కట్టి పోస్టాఫీసుల్లో అమ్మించింది.

కొన్నేళ్ళకు జావా తోటలే ప్రపంచంలోని క్వినైన్‌లో అత్యధిక భాగాన్ని ఇచ్చే స్థితి వచ్చింది. చవగ్గా వస్తోంది కదా అని మిగతావాళ్ళు తమ తోటల మీద శ్రద్ధ తగ్గించారు. 1942లో జపాన్ జావాను ఆక్రమించింది. ఒక్కసారిగా ప్రపంచానికి క్వినైన్ కరువైంది. అప్పటికే 1934లో జర్మనీలోని బేయర్ కంపెనీ రసాయనాలతో క్లోరోక్విన్‌ను తయారుచేసింది. యుద్ధం తర్వాత ఆ బిళ్ళే మన ఏజెన్సీ గ్రామాలకూ చేరింది.

ఈ కథలోని వరస గుర్తుపెట్టుకోండి. మొక్క ఒకరి అడవిది, తయారీ ఇంకొకరి చేతిలోది. తయారీ అంతా ఒకే చోటికి చేరినంతకాలం ధర తగ్గుతుంది. ఆ ఒక్క చోట తలుపు మూసుకుంటే అందరికీ కరువే. ఇదే వరస డెబ్బై ఎనభై ఏళ్ళ తర్వాత మళ్ళీ కనిపిస్తుంది.

రెండు దేశాలు, రెండు ఫ్యాక్టరీలు

భారతదేశానికి 1947లో స్వాతంత్ర్యం వచ్చింది. చైనాలో 1949లో కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడింది. రెండూ పేద దేశాలే, రెంటికీ మందులు కావాలి. చైనా 1953లో సోవియట్ సాయంతో షిజియాజువాంగ్ అనే నగరంలో పెద్ద మందుల కర్మాగారం మొదలుపెట్టింది. 1958 నుంచి అక్కడ పెన్సిలిన్ తయారైంది. మన దేశం 1954లో పుణె దగ్గర పింప్రిలో పెన్సిలిన్ తయారీకి ఒక సంస్థను స్థాపించింది. 1961లో అదే సోవియట్ సాయంతో ఐడీపీఎల్ సంస్థను స్థాపించింది. దాని కర్మాగారాల్లో ఒకటి రిషికేశ్‌లో, ఇంకొకటి హైదరాబాదు బాలానగర్‌లో వచ్చాయి. అమీర్‌పేట నుంచి సనత్‌నగర్ మీదుగా వెళితే బాలానగర్ ఎంతో దూరం కాదు.

1970లో మన పార్లమెంటు కొత్త పేటెంట్ చట్టం చేసింది. 1972 నుంచి అది అమల్లోకి వచ్చింది. మందు మీద కాకుండా, మందు తయారుచేసే పద్ధతి మీద మాత్రమే పేటెంటు ఉంటుందని ఆ చట్టం చెప్పింది. అంటే అదే మందును వేరే పద్ధతిలో ఎవరైనా తయారుచేయవచ్చు. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న రసాయన శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు ఈ దారి పట్టారు. డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన కల్లం అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు ప్రాంతాల్లో ఫ్యాక్టరీలు లేచాయి, అమీర్‌పేట, పంజాగుట్టల్లో ఆఫీసులు తెరుచుకున్నాయి. హైదరాబాదును మందుల రాజధాని అనడం అప్పటి నుంచి మొదలైంది.

1978 చివరిలో చైనా తన దారి మార్చుకుంది. ముందు రైతు కుటుంబాలకు భూమిని సాగుకు అప్పగించింది. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో చిన్న ఫ్యాక్టరీలు పెట్టనిచ్చింది. 1980లో హాంకాంగ్ పక్కన ఉన్న షెన్‌జెన్‌ను ప్రత్యేక ఆర్థిక మండలి చేసింది. స్థానిక ప్రభుత్వాలు ఫ్యాక్టరీలకు భూమి, కరెంటు, రోడ్డు, అప్పు సమకూర్చాయి. ఒక సరుకుకు కావలసిన భాగాలన్నీ దగ్గర దగ్గరలోనే తయారయ్యేలా చూశాయి. 2001 డిసెంబరులో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. 2009 నాటికి ప్రపంచంలో అత్యధికంగా ఎగుమతి చేసే దేశమైంది. 2010లో తయారీలో అమెరికాను దాటింది. ఇప్పుడు ప్రపంచ తయారీలో పావు వంతుకు పైగా చైనాదే.

ఈ ఎదుగుదలకు అక్కడి పేదలు చెల్లించిన ధర కూడా చెప్పుకోవాలి. పల్లెల నుంచి కోట్లాదిమంది ఫ్యాక్టరీ పట్టణాలకు వచ్చారు. చైనాలో హుకౌ అనే నివాస నమోదు పద్ధతి ఉంది. పల్లెలో నమోదైనవాళ్ళు పట్టణంలో ఎన్నేళ్ళు పనిచేసినా, వాళ్ళ పిల్లలకు అక్కడి బడిలో సీటు, వాళ్ళకు అక్కడి ఆసుపత్రి సదుపాయం సులువుగా దొరికేవి కావు. పిల్లలను ఊళ్ళో తాత అమ్మమ్మల దగ్గర వదిలేసి పోయిన తల్లిదండ్రులు లక్షల్లో ఉన్నారు. పని కోసం పట్టణానికి పోయిన మన కుటుంబాలకు ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు.

పెన్సిలిన్ పోయిన తీరు

ఇప్పపువ్వు పులియబెట్టడం తెలిసిన మనకు పెన్సిలిన్ తయారీ అర్థం కావడం కష్టం కాదు. కుండలో పువ్వు నానబెట్టి, వేడి చూసుకుంటూ రోజులు లెక్కపెడతాం. కుండ శుభ్రంగా లేకపోతే అంతా చెడుతుంది. పెన్సిలిన్ కూడా అంతే. ఒక రకం బూజును పంచదార కలిపిన నీళ్ళలో పెద్ద పెద్ద ఉక్కు తొట్లలో పెంచుతారు. గాలి ఆగకుండా పంపాలి. వేడి సమంగా ఉంచాలి. వేరే క్రిమి చొరబడకూడదు. కరెంటు పోయి గాలి ఆగితే తొట్టిలో ఉన్నదంతా పారబోయాల్సిందే.

ఇలా వచ్చిన పెన్సిలిన్-జి నుంచి 6-ఏపీఏ అనే పదార్థం తీస్తారు. దాని నుంచి అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ వంటి మందులు చేస్తారు. చిన్నపిల్లలకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే మందు అమాక్సిసిలినే.

ఈ పనికి చవకైన కరెంటు, చవకైన పంచదార, పెద్ద తొట్లు, ఓపిక కావాలి. చైనా ఈ నాలుగూ సమకూర్చుకుని పెద్ద ఎత్తున తయారుచేసి, మనవాళ్ళు అమ్మలేని ధరకు అమ్మింది. మన దేశంలో 1991 తర్వాత దిగుమతి సుంకాలు తగ్గాయి. ఐడీపీఎల్‌లో యంత్రాలు పాతబడ్డాయి, అప్పులు పేరుకున్నాయి. 1992లో దాన్ని రోగగ్రస్త సంస్థగా ప్రకటించారు. రోగాలకు మందులు చేయడానికి పుట్టిన సంస్థకే ఆ మాట వాడాల్సి వచ్చింది. దేశంలోని పెన్సిలిన్-జి ఫ్యాక్టరీలు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి.

హైదరాబాదు కంపెనీలు లెక్క చూసుకున్నాయి. మధ్య పదార్థం చైనాలో చవగ్గా దొరుకుతోంది. దాన్ని తెచ్చుకుని చివరి మెట్లు ఇక్కడ ఎక్కి, బిళ్ళ చేసి అమ్మితే లాభం. పారాసిటమాల్ విషయంలోనూ అదే జరిగింది. పారాసిటమాల్ ఇక్కడే తయారవుతుంది గానీ, దానికి కావలసిన పారా అమినోఫినాల్‌లో చాలా భాగం చైనా నుంచి వచ్చేది. అరబిందో కంపెనీ ఇంకో అడుగు వేసి, 2000 తర్వాత చైనాలోని దాతోంగ్ నగరంలో పెన్సిలిన్ ఫ్యాక్టరీనే నడిపింది. అమీర్‌పేట కంపెనీ పెన్సిలిన్ కోసం చైనాకు వెళ్ళిందన్నమాట. తర్వాత అందులోని తన వాటాను చైనా కంపెనీకే అమ్మింది.

ఇందులో మంచి జరగలేదని అనలేం. చైనా చవక ముడిసరుకు, హైదరాబాదు రసాయన నైపుణ్యం కలిసి ప్రపంచంలోని పేదలకు మందులు అందించాయి. ఆఫ్రికాలో ఎయిడ్స్ రోగులు వాడుతున్న మందుల్లో పెద్ద భాగం మన దేశం నుంచి, అందులోనూ హైదరాబాదు కంపెనీల నుంచి వెళ్ళింది. మన ఆరోగ్య కేంద్రాల్లో మందులు ఉచితంగా ఇవ్వగలగడానికి కూడా ఆ చవకే ఒక కారణం. కాని ఆ చవక వెంట ఒక పని చేయి జారిపోయింది. నిచ్చెనలో పై మెట్లు మన దగ్గర, కింది మెట్లు ఇంకొకరి దగ్గర ఉండిపోయాయి. దేశంలోకి వచ్చే ముడిమందుల్లో, మధ్య పదార్థాల్లో సుమారు మూడింట రెండు వంతులు చైనా నుంచే వచ్చే పరిస్థితి ఏర్పడింది.

2020లో తెలిసిన సంగతి

2020 జనవరి 23న కరోనా వల్ల చైనాలోని వూహాన్ నగరాన్ని మూసేశారు. ఫ్యాక్టరీలు ఆగాయి. మన దేశం మార్చి 3న పారాసిటమాల్‌తో సహా 26 రకాల ముడిమందులు, మందుల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. కిందటి మెట్టు ఆగితే పై మెట్టు కూడా ఆగుతుందని అప్పుడు అందరికీ తెలిసింది. 1942లో క్వినైన్‌కు జరిగిందే ఇక్కడా జరగబోయింది.

అదే ఏడాది జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది చనిపోయారు. వారిలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు ఒకరు. జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. ఫోన్లో నుంచి యాప్ ఒక్క రోజులో పోయింది. చైనా సరుకులు కొనవద్దని ఊరూరా నినాదాలు వినిపించాయి. కాని ముడిమందుల దిగుమతిని మాత్రం ఎవరూ ఆపలేదు. ఆపడం సాధ్యం కాదు కూడా. ఒక దేశం ప్రభావం ఎంతో తెలియాలంటే దాని పేరు రాసి ఉన్న వస్తువులను చూస్తే చాలదు. దాని పేరు కనపడని వస్తువులను కూడా వెతకాలి.

ఆ ఏడాదే కేంద్రం ముడిమందుల తయారీని మళ్ళీ దేశంలో మొదలుపెట్టించడానికి 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం తెచ్చింది. ఆ పథకం కింద అరబిందో అనుబంధ సంస్థ కాకినాడ జిల్లా తొండంగి మండలంలో ఏడాదికి 15,000 టన్నుల సామర్థ్యంతో పెన్సిలిన్-జి ఫ్యాక్టరీ కట్టింది. 2024 అక్టోబరు 29న దాన్ని ప్రారంభించారు. దాతోంగ్‌కు వెళ్ళిన పెన్సిలిన్ ఇలా గోదావరి సీమకు తిరిగి వచ్చింది. అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది.

తయారీ తిరిగి రావడంతో దాని మురుగు కూడా వస్తుంది. పటాన్‌చెరు చుట్టుపక్కల రైతులు తమ వాగులు, బావులు పాడయ్యాయని ఏళ్ళ తరబడి పోరాడారు. అక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ అతి ఎక్కువ మోతాదులో ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. అలాంటి నీటిలో పెరిగిన క్రిములకు మందులు పనిచేయవు. ఫ్యాక్టరీ కావాలా వద్దా అన్నదానితో పాటు, ఎవరి భూమిలో, ఎవరి నీటిలో, ఎవరి అనుమతితో అన్న ప్రశ్న కూడా అడగాలి. ఈ ప్రశ్న అడగడం మన సమాజానికి అలవాటైన పనే.

మాచిపత్రి బంధువు

చైనా ప్రభావంలో ధరలతో సంబంధం లేని భాగం ఒకటి ఉంది. వియత్నాం యుద్ధంలో సైనికులు మలేరియాతో చనిపోతుంటే, ఆ దేశం చైనాను సాయం అడిగింది. 1967 మే 23న చైనా ఒక రహస్య పరిశోధన మొదలుపెట్టింది. ఆ తేదీ పేరుమీదే దాన్ని ప్రాజెక్టు 523 అన్నారు. అప్పటికే చాలా చోట్ల మలేరియా క్రిమి క్లోరోక్విన్‌కు లొంగడం మానేసింది. తూ యూయూ అనే శాస్త్రవేత్త తన బృందంతో పాత వైద్య గ్రంథాలు తిరగేసింది. జానపద వైద్యుల చిట్కాలు సేకరించింది. సుమారు 1,600 ఏళ్ళ కిందటి ఒక గ్రంథంలో, ఒక మొక్కను నీళ్ళలో నానబెట్టి పిండి ఆ రసం తాగాలని ఉంది. కాచమని లేదు. వేడి చేస్తే మందు గుణం పోతోందేమోనని ఆమెకు తట్టింది. తక్కువ వేడిలో రసం తీసే పద్ధతి పట్టుకుంది. అలా వచ్చిందే ఆర్టిమిసినిన్. ఆ మొక్క మన మాచిపత్రికి దగ్గరి బంధువు. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆమెకు డాక్టరేట్ లేదు, విదేశీ చదువు లేదు.

ఈ రోజు ఏజెన్సీలో ఆశా కార్యకర్త రక్తపు చుక్క తీసి కిట్‌లో చూసి, ప్రమాదకరమైన ఫాల్సిపారం మలేరియా అని తేలితే ఇచ్చే మందుల్లో ఆర్టిసునేట్ ఉంటుంది. అది ఆర్టిమిసినిన్ నుంచి చేసినదే. ఆండీస్ ఆదివాసుల సింకోనాను ఇంకొకరు పట్టుకుపోయి మందు చేశారు. ఈ మొక్కను మాత్రం ఆ దేశపు శాస్త్రవేత్తలే తమ ప్రయోగశాలలో మందు చేశారు. తెలివి పాతదే అయినా, దాన్ని పరీక్షించి నిలబెట్టే ప్రయోగశాల వాళ్ళ చేతిలో ఉండడమే తేడా.

మన నుంచి పోయేది

ఎదుగుతున్న పారిశ్రామిక దేశం ఒకటి మన కొండల దాకా రావడం చైనాతోనే మొదలు కాలేదు. 1960ల్లో జపాన్ ఉక్కు మిల్లులకు ఇనుప ఖనిజం కావలసి వచ్చింది. బస్తర్‌లోని బైలడిల్లా నుంచి విశాఖ రేవుకు ఖనిజం చేర్చడానికి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. అరకు లోయ మీదుగా, మన ఊళ్ళ పక్క నుంచి, సొరంగాలు తొలుచుకుంటూ అది వెళుతుంది. జపాన్ ఆ ఖనిజంతో ఉక్కు చేసింది, ఉక్కుతో ఓడలు, కార్లు చేసింది. మన ఊళ్ళకు మిగిలింది రైలు చప్పుడు.

1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ మన దగ్గర తపసి బంక, తేనె, చింతపండు, కుంకుడుకాయలు కొంటుంది. దళారుల తూకం మోసం నుంచి అది చాలామందిని కాపాడింది. కాని మన చేతి నుంచి పోయేది ఎక్కువగా ముడిసరుకే. తపసి బంక మందుల తయారీలోనూ వాడతారు. బంక తీసిన చేతికి వచ్చేది బంక ధర, మందు ధర కాదు. అరకు కాఫీ మాత్రం కొంత వేరే దారి చూపింది. గింజను అమ్మి ఊరుకోకుండా, శుద్ధి చేసి, పేరు పెట్టి అమ్మడం వల్ల దానికి గుర్తింపు వచ్చింది. 2019లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

అందుకే అమీర్‌పేటలో దిగే మన యువతకు ఒక మాట. సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకోండి, ఉద్యోగ పరీక్ష రాయండి. వాటితో పాటు రసాయన శాస్త్రం, ఫార్మసీ, జీవసాంకేతికం, యంత్రాల డిప్లొమా వైపు కూడా కొందరు వెళ్ళాలి. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీగా డ్రమ్ములు మోయడానికి మాత్రమే కాదు, తొట్టిలో ఏం జరుగుతోందో తెలిసినవాళ్ళుగా, మురుగు నీటిని పరీక్షించగలవాళ్ళుగా వెళ్ళాలి. మన నాటువైద్యుల తెలివిని రాసిపెట్టేవాళ్ళు కావాలి. దాన్ని పరీక్షించగలవాళ్ళు, ఇంకొకరు పట్టుకుపోకుండా కాపాడగలవాళ్ళు కావాలి.

ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని ఖర్చు లేకుండా చెప్పవచ్చు. పిల్లల చేత వాడేసిన మందుల అట్టలు తెప్పించండి. వెనుక ఉన్న ఊళ్ళ పేర్లు చదివించి పటంలో గుర్తు పెట్టించండి. జీడిమెట్ల, పటాన్‌చెరు, బద్ది, సిక్కిం అని వస్తాయి. తర్వాత, ఇందులోని ముడిమందు ఎక్కడిదని అడగండి. అట్ట మీద ఆ జవాబు ఉండదు. షిజియాజువాంగ్, దాతోంగ్, తొండంగి పేర్లు అప్పుడు బోర్డు మీద రాసి, బేగంపేట దోమ నుంచి కథ మొదలుపెట్టండి.